చేపపిల్లకు ఈత మరపించే విషం

చేపపిల్లకు ఈత నేర్పవలెనా అని మన పెద్దలు అంటూ ఉంటారు. నేర్పనక్కరలేదు, నిజమే. అయితే పుట్టుకతో రావలసిన ఆ విద్యను పుట్టకమునుపే చెరపవచ్చునని ప్రయోగశాలలు తెలుపుతున్నవి.

అమెరికా తూర్పుతీరపు ఉప్పుటేళ్లలో మమ్మిచాగ్ అనే చిన్నచేప ఉన్నది. గుంపుగా తిరిగేదని ఆ పేరుకు అర్థం. అది అక్కడి ఆదివాసుల మాట. ఎండకు, చలికి, ఉప్పుకు, మురికికి ఓర్చుకొనుటలో దీనికి సాటివచ్చే చేపలు అరుదు. 1973లో స్కైలాబ్‌లో రోదసికి వెళ్లిన తొలి చేప కూడ ఇదే. అంతటి మొండిప్రాణి గనుకనే దీని కథ చెప్పదగినది.

న్యూజెర్సీ రాష్ట్రంలో కర్మాగారాల నడుమ పైల్స్ క్రీక్ అనే ఏరు పారుతున్నది. దాని అడుగుబురదలో పాదరసం మొదలైన లోహాలు పేరుకొన్నవి. బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మార్చివేస్తవి. ఆ రూపంలో అది సులభంగా దేహంలో చేరి మెదడుదాకా పోతుంది.

జుడిత్ వైస్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె భర్త పెడ్రిక్ వైస్ 1995లో ఒక ప్రయోగాన్ని ప్రకటించినారు. మమ్మిచాగ్ గ్రుడ్లను లీటరు నీటికి 5, 10 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం చొప్పున కలిపి అందులో పెంచినారు. మైక్రోగ్రాము అనగా గ్రాములో పదిలక్షలవ వంతు! పిల్లలు వెలువడగానే శుభ్రమైన నీటిలోనికి మార్చి, ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి పిల్లలను మేతగా వదలినారు. విషమెరుగని పిల్లలు వాటిని చకచక పట్టుకొన్నవి. గ్రుడ్డులోనే విషం సోకిన పిల్లలకు ఆ చురుకు లేకపోయినది.

కొన్నాళ్లకు అవి తోటివాటిని అందుకొన్నవి. ఇంకేమి, లోపం సర్దుకొన్నది గదా అని విద్యార్థులు అడుగవచ్చును. తొట్టిలో సర్దుకొన్నది. తొట్టిలో మేత వెదకే శ్రమ లేదు, మింగవచ్చే శత్రువు లేడు. ఏటిలోనో, గ్రుడ్డుసొన తీరిన పిమ్మటి తొలి దినాలే పిల్లకు ప్రాణగండం. ఈ విషం సోకిన పిల్లలు శత్రువునుండి తప్పించుకొనుటలోను వెనుకబడినట్లు మరికొన్ని పరీక్షలలో కనబడినది. ఎన్ని చేపలు చచ్చినవని మాత్రమే లెక్కించే పరీక్షకు ఇవేవీ అందవు. అట్టి లెక్కను నమ్మి నీరు నిరపాయమని తేల్చుట తొందరపాటే.

గర్భస్థశిశువు మెదడుకు ఈ విషం ఎంత అపకారియో మనుష్యులలోను రుజువైనది. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన వ్యాధి సందర్భంగా, తల్లులలో లక్షణాలు స్వల్పంగా ఉన్నను వారి బిడ్డలు తీవ్రవైకల్యంతో పుట్టినారు.

పైల్స్ క్రీక్‌లో పెరిగిన పెద్ద చేపల సంగతి మరింత విచిత్రం. రొయ్యలను వేటాడే నేర్పు వాటికి తక్కువ. కడుపు కోసి చూడగా అధికభాగం కుళ్లిన ఆకుగడ్డి, బురదయే. అవి కొద్దిగా పెరిగి త్వరగా చచ్చిపోతున్నవి. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం కూడ తక్కువగా కనబడినది. టకర్టన్ అనే శుభ్రమైన తావునుండి తెచ్చిన చేపలను ఈ ఏటి బురద, మేతలతో పెంచగా, కొద్దివారాలలోనే వాటి వేటనేర్పు సన్నగిల్లినది. ఈ ఏటి చేపలను శుభ్రమైన పరిస్థితులకు మార్చినపుడు మాత్రం చెప్పుకోదగిన మెరుగుదల కనబడలేదు.

వేటగాళ్లు మందగించిన ఆ ఏటిలో, అవి తినవలసిన చిన్నరొయ్యలు శుభ్రమైన ఏటిలోకంటె ఎక్కువగాను, పెద్దవిగాను పెరుగుతున్నట్లు పరిశీలకులు గమనించినారు.