మన ఊరి మధ్యాహ్నము: నీడ గడియారమును చేయు విధము

విద్యార్థులారా! ఏప్రిలు నెల 15వ తేదీన ఒక కఱ్ఱను మీ ఇంటి ముంగిట నిలువుగ పాతి, దాని నీడ అన్నిటికంటె పొట్టిగ నగు క్షణమును కనిపెట్టి, వెంటనే గడియారము చూడుడు. సూర్యుడు నడినెత్తికి వచ్చినాడు గదా, పండ్రెండు గంటలై యుండునని మీరు తలంతురు. కాని బళ్ళారిలోని విద్యార్థికి గడియారము 12 గంటల 22 నిమిషములు చూపును. షోలాపురములోని వానికి 12 గంటల 26 నిమిషములు. హోసూరులో 12 గంటల 19 నిమిషములు. బరంపురములో ఇంకను పండ్రెండే కాలేదు. 11 గంటల 51 నిమిషములు మాత్రమే. యానాములో 12 గంటల 1 నిమిషము. ఈ అయిదు ఊళ్ళలోను తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగ నున్నవి. అందరి గడియారములును ఒక్కటే కాలమును చూపుచున్నవి. సూర్యుడు మాత్రము ఊరికొక మధ్యాహ్నము నిచ్చుచున్నాడు.

కారణము కఠినమైనది కాదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషములు. తూర్పున నున్న ఊరికి సూర్యుడు ముందు వచ్చును, పడమట నున్న ఊరికి తరువాత వచ్చును. 1906వ సంవత్సరము జనవరి 1వ తేదీ నుండి మన దేశమునకు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి ఒకే కాలము ఏర్పడినది. ఆ రేఖ కాకినాడకును యానామునకును చేరువగ పోవును. అందుచేతనే యానాము వారికి సూర్యునికిని గడియారమునకును ఒక్క నిమిషమే తేడా. అయినను అన్ని నగరములును ఆ ఏర్పాటును వెంటనే అంగీకరింపలేదు. బొంబాయి 1955 వరకు తన స్వంత కాలమును విడువలేదు. అది దేశపు కాలమునకు సుమారు 39 నిమిషములు వెనుక నడచెడిది. తెలుగునాటి నుండి పోయిన కామాటీల పేరుతో వెలసిన కామాటిపుర ఆ నగరములోనిదే. రైలుకొక కాలము, ఊరికొక కాలము చూచుకొనుచు మనవారు అక్కడ ఎన్ని బండ్లు తప్పించుకొనిరో!

మన ఊరి సూర్యుడు చెప్పు కాలమును తెలిసికొనుటకు చేతితో చేసికొనదగిన పరికరము నీడ గడియారము. అన్నవరము కొండకు పోయినవారు అక్కడ దీనిని చూచియే యుందురు. జయపురములో సవాయి జయసింగు మహారాజు కట్టించిన సమ్రాట్ యంత్రము ఈ జాతిలో మిక్కిలి పెద్దది. దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. మనము చేయబోవునది జానెడు పలక. కాని రెంటిలోని సూత్రము ఒక్కటే: నీడ నిచ్చు అంచు భూమి ఇరుసునకు సమాంతరముగ నుండవలెను. అట్లున్నచో సూర్యుడు ఆ అంచు చుట్టు గంటకు సరిగ 15 డిగ్రీల చొప్పున తిరుగును, నీడయు అట్లే తిరుగును. నేలలో నిలువుగ పాతిన కఱ్ఱకు ఈ గుణము లేదు. దాని నీడ ఉదయమొక వేగముతోను మధ్యాహ్నమొక వేగముతోను నడచును. ఋతువును బట్టియు మారును.

కావలసిన వస్తువులు స్వల్పము. 10 సెంటీమీటర్ల చదరపు ప్లైవుడ్డు పలక లేక గట్టి అట్ట, పాత సైకిలు స్పోకు ఒకటి, 40 సెంటీమీటర్ల పొడవైన పీట చెక్క, తెల్ల కాగితము, జిగురు, కోణమాని. పలక ఎంత పలుచగ నున్న అంత మంచిది. పలక నడిమధ్యను, అనగా ప్రతి అంచునుండి 5 సెంటీమీటర్ల దూరమున, స్పోకు బిగువుగ దూరునంత రంధ్రము చేయుడు. స్పోకు పలకకు అన్ని వైపుల లంబముగ నిలువవలెను. వడ్రంగి మూలమట్టము దొరికినచో దానితో సరిచూచుకొనవచ్చును. లేనిచో పుస్తకపు మూలయైనను చాలును.

ఇక ముఖ్యమైన కొలత. పలకకు క్రిందివైపున స్పోకు ఎంత పొడవుండవలెనన్నది మీ ఊరి అక్షాంశముపై ఆధారపడును. హోసూరు 12.7 డిగ్రీల మీద నున్నది, అక్కడ 22.2 సెంటీమీటర్లు. బళ్ళారి 15.1 డిగ్రీలు; 18.5 సెంటీమీటర్లు. యానాము 16.7 డిగ్రీలకు 16.7 సెంటీమీటర్లు (ఈ అంకెల పొందిక యాదృచ్ఛికమే సుమా!). షోలాపురమునకు 15.7, రాయగడకు 14.4, బరంపురమునకు 14.3 సెంటీమీటర్లు. త్రికోణమితి నేర్చిన పెద్ద తరగతులవారు 5ను తమ అక్షాంశపు టాన్ విలువచేత భాగించి ఈ కొలతను తామే రాబట్టవచ్చును. పలకకు పైవైపున 5 సెంటీమీటర్లు మిగిలినచో చాలును. స్పోకు కొనలు కంటికి తగులకుండ పైకొనకు ఒక పూసయో మైనపు ముద్దయో అంటించుట మరువకుడు.

పీట చెక్కపై నిడివిగ నడుమ ఒక గీత గీయుడు. పలక అడుగు అంచును ఆ గీతకు అడ్డముగ ఆనించి, స్పోకు క్రిందికొనను అదే గీతపై మోపుడు. పలక దానంతటదే వాలి నిలుచును. కోణమును వేరుగ కొలువనక్కరలేదు. స్పోకు పొడవే కోణమును నిర్ణయించినది. రెండు చిన్న చెక్కముక్కలతో పలకను, ఒక మేకు గుంటతో స్పోకు కొనను కదలకుండ బిగించుడు.

గంటల గీతలు పలకకు రెండు ముఖములందును కావలెను. నడిమి రంధ్రము నుండి తిన్నగ క్రిందికి గీచినది 12 గంటల గీత. అక్కడి నుండి ఇరువైపుల 15 డిగ్రీల కొకటి చొప్పున గీయుడు. ఉత్తరపు ముఖమును మీరు ఎదురుగ చూచునపుడు ఉదయపు గంటలు కుడివైపునను, సాయంకాలపు గంటలు ఎడమవైపునను ఉండవలెను. అంకెలు మామూలు గడియారమువలెనే తిరుగును. దక్షిణపు ముఖముపై ఇది తలక్రిందులు: ఉదయము ఎడమ, సాయంకాలము కుడి. ఇక్కడ పిల్లలు తప్పక పొరబడుదురు. మార్చి చివరినుండి సెప్టెంబరు వరకు ఎండ ఉత్తరపు ముఖముపై పడును, తక్కిన ఆరు మాసములు దక్షిణపు ముఖముపై పడును. కనుక ఒక ముఖమే వ్రాసినవాని గడియారము సగము సంవత్సరము మూగపోవును. ఇష్టమున్నవారు 6 డిగ్రీల కొక చిన్న గీత చొప్పున వేరొక వరుస గీచికొనవచ్చును. అవి మన ఘడియలు. ఒక ఘడియకు 24 నిమిషములు గదా.

ఇప్పుడు పీటను ఉత్తర దక్షిణములకు సరిగ పెట్టవలెను. దిక్సూచి లేకున్నను కొరతలేదు. సూర్యసిద్ధాంతములో చెప్పిన ఉపాయమే సులభమైనది. చదునైన నేలపై వృత్తము గీచి, దాని కేంద్రమున కఱ్ఱను నిలువుగ పాతుడు. ఉదయము నీడ కొన వృత్తమును తాకినచోట ఒక గుర్తు, మధ్యాహ్నానంతరము మరల తాకినచోట ఇంకొక గుర్తు పెట్టుడు. రెండు గుర్తులను కలిపిన గీత తూర్పు పడమరలు. దానికి లంబము ఉత్తర దక్షిణములు. పీటపై గీత ఈ లంబముతో ఏకమగునట్లు, స్పోకు పైకొన ఉత్తరమునకు చూచునట్లు అమర్చుడు. పీట మట్టముగ నున్నదో లేదో తాపీపనివారి రసమట్టముతో చూచుకొనుట మేలు. అన్నియు సరిగ నున్నచో రాత్రివేళ స్పోకు వెంబడి చూచినవానికి ధ్రువనక్షత్రము కనబడవలెను. పగటివేళ మాత్రము ఆ ప్రయత్నము చేయకుడు. సూర్యుని వైపు నేరుగ చూచుట కంటికి ప్రమాదము.

ఇంతవరకు పని. ఇక నా పొరబాటు ఒకటి చెప్పవలెను. బళ్ళారి ప్రాంతమున మా పాఠశాలలోని తొమ్మిదవ తరగతి బాలురు ఒక ఫిబ్రవరి నెలలో ఈ గడియారమును చేసి ఆవరణములో నిలిపిరి. అది పాఠశాల గడియారముకంటె 36 నిమిషములు వెనుకబడి యుండినది. బాలురు చిన్నబోయి, ఎవ్వరికిని చెప్పక, అంకెలు వ్రాసిన కాగితమును 9 డిగ్రీలు త్రిప్పి మరల అతికించిరి. మరునాడు నిమిషము తప్పక సరిపోయినది. అందరును మెచ్చుకొనిరి. సంగతి తెలిసియు నేనును మెచ్చుకొంటిని. నవంబరు వచ్చుసరికి ఆ యంత్రము అరగంట ముందు పరుగెత్తుచుండెను. ఆ బాలురలో ఒకని తండ్రి గడియారములు బాగుచేయు వృత్తిలోనివాడు. ఆయన వచ్చి చూచి, "పంతులుగారూ, నా వద్దకు వచ్చిన గడియారము పరుగెత్తినచో బాలెన్సు చక్రము చూతును. సూర్యుడు పరుగెత్తినచో ఏమి విప్పవలెను?" అని అడిగెను. నేను సిగ్గుపడితిని. ఆ ప్రశ్నను ఫిబ్రవరిలోనే బాలురచేత అడిగింపవలసినవాడను నేను.

దానికి సమాధానమిది. నీడకును గడియారమునకును గల భేదములో రెండు పాళ్ళున్నవి. మొదటిది రేఖాంశము వలన కలుగునది. బళ్ళారికి అది 22 నిమిషములు, ఏడాది పొడవున మారదు. దానికొరకు కాగితమును అయిదున్నర డిగ్రీలు త్రిప్పి, 12 గంటల గీతను ఉదయపు గీతలవైపు జరుపుట న్యాయమే. బరంపురము వారు రెండుంబావు డిగ్రీలు ఎదురువైపునకు జరుపవలెను. రెండవ పాలు దినదినమును మారునది. భూమి సూర్యుని చుట్టు తిరుగు మార్గము సరియైన వృత్తము కాదు; జనవరి మొదట సూర్యునికి దగ్గరగ నుండి వేగముగను, జూలై మొదట దూరముగ నుండి మెల్లగను నడచును. అదిగాక భూమి ఇరుసు వాలియున్నది. ఈ రెండు కారణముల చేతను ఒక మధ్యాహ్నమునుండి మరుసటి మధ్యాహ్నమునకు ఎల్లప్పుడు కచ్చితముగ 24 గంటలు కావు. కొన్ని సెకండ్ల భేదము రోజురోజునకు పేరుకొని ఫిబ్రవరి 11 ప్రాంతమున నీడ 14 నిమిషములు వెనుకబడును. నవంబరు 3 ప్రాంతమున 16 నిమిషములు ముందు పోవును. మే నెల మధ్యను సుమారు 4 నిమిషములు ముందు, జూలై చివర ఆరున్నర నిమిషములు వెనుక. ఏప్రిలు 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 తేదీల ప్రాంతమున ఈ భేదము శూన్యము. మొదటి మాటలో నేను ఏప్రిలు 15వ తేదీనే ఎన్నుకొనుటకు కారణమదియే.

కాగితమును త్రిప్పకుండ ఉంచినచో లెక్క ఇట్లుండును. ఫిబ్రవరి 11న బళ్ళారిలో నీడ 10 గంటలు చూపినది. 22 కలుపుడు, 14 కలుపుడు. గడియారము 10 గంటల 36 నిమిషములు. నవంబరు 3న నీడ అదే 10 గంటలు చూపినచో 22 కలిపి 16 తీసివేయుడు. 10 గంటల 6 నిమిషములు. మా బాలురు ఫిబ్రవరి లెక్కను కాగితమునకు శాశ్వతముగ అంటించిరి గనుక నవంబరులో అరగంట తేడా వచ్చినది. అదే నవంబరు 3న బరంపురములో నీడ 10 గంటలు చూపినచో 9 తీసివేసి మరల 16 తీసివేయవలెను. 9 గంటల 35 నిమిషములు మాత్రమే.

తల్లిదండ్రులకు ఒక మాట. మన ఇండ్లలో గోడకు వ్రేలాడు పంచాంగము సాధారణముగ ఆంధ్రదేశములోని ఏదో ఒక నగరమునకు గణించినది. విజయవాడ సూర్యుడు బళ్ళారి సూర్యునికంటె సుమారు 15 నిమిషములు, షోలాపురపు సూర్యునికంటె 19 నిమిషములు ముందుండును. సూర్యోదయమునుండి లెక్కించు రాహుకాలమును ఆ కాగితములో నున్నట్లే పాటించువారు తమ ఊరిది కాని ఉదయమును పాటించుచున్నారు. అక్షాంశమును బట్టి ఇంకను కొన్ని నిమిషములు తేడా పడును. పంచాంగపు మొదటి పుటలలో ఏ ఊరికి గణించిరో అచ్చువేసి యుందురు. దానిని మీ పిల్లలచేత చదివించి, మీ ఊరికి దిద్దించుడు. రేఖాంశముల భేదమును నాలుగుచేత హెచ్చవేయుటయే గదా, ఏడవ తరగతి బాలికయైనను చేయగలదు.

ఇంకొక సంగతి ముందే తెలిసియుండుట మంచిది. మార్చి 21, సెప్టెంబరు 23 తేదీల ప్రాంతమున మీ యంత్రము చెడిపోయినదని కంగారుపడకుడు. ఆ దినములలో సూర్యుడు సరిగ పలక అంచువెంబడి నడచును. ఎండ ఏ ముఖమునను పడక రెంటిని ఒరసికొని పోవును. నీడ కనిపింపదు. రెండు మూడు రోజులు గడియారమునకు సెలవు ఇచ్చి, తరువాత పీటకు రెండవ వైపునకు వచ్చి నిలుచుండుడు.