వరి యొక్కటే, నేలలు వేరు

పళ్ళెములోని మెతుకును చూచి అది ఏ సీమలో పండినదో ఎవరును చెప్పజాలరు. అయినను దానిని పండించుటవలన నీరు, గాలి, భూమి ఎంత నష్టపడినవో ఆ సీమయే నిర్ణయించుచున్నది.

గోదావరి డెల్టాలో ఈ భారము కొంత తేలిక. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి నదీజలము కాలువలవెంట పల్లమునకు తనంత తాను పారుచు చేలను తడుపుచున్నది. బంకనేల ఆ నీటిని త్వరగా ఇంకనీయదు. దోషము లేకపోలేదు. నిలువనీటి మడులనుండి భూతాపమును హెచ్చించు మీథేన్ వాయువు వెలువడుచుండును. మడిని నడుమ నడుమ ఆరనిచ్చినచో అది తగ్గును.

పంజాబు సంగతి వేరు. పేరునకు ఐదు నదుల దేశమే గాని, వరికి చాలినంత వర్షము అచట కురియదు. పూర్వము గోధుమ, మొక్కజొన్న, శనగ అచటి ప్రధానమైన పంటలు. 1960వ దశకము చివరనుండి వరి విస్తరించినది. అచటివారి ముఖ్యాహారము నేటికిని గోధుమరొట్టెయే. పండిన బియ్యములో అధికభాగము ప్రభుత్వ సేకరణ ద్వారా ఇతర రాష్ట్రముల చౌకధరల దుకాణములకు చేరుచున్నది. అనగా పంజాబు భూగర్భజలమును ఇతరులు అన్నరూపమున భుజించుచున్నారనవచ్చును. గొట్టపుబావులు ఏటేట వెలికితీయు నీరు, తిరిగి భూమిలో ఇంకు నీటికంటె అధికము.

ఇది గమనించి ఆ రాష్ట్రము 2009లో, జూన్ 10వ తేదీకి ముందు నాట్లు వేయరాదని శాసనము చేసినది. మండువేసవిలో ఆవిరియగు నీరు కొంత మిగిలినది గాని, కోతలు వెనుకబడినవి. గోధుమ విత్తుటకు వ్యవధి చాలక పలువురు రైతులు వరికొయ్యలను తగులబెట్టుచున్నారు. అక్టోబరు చివరను, నవంబరులోను ఆ మైదానమున గాలి మందగించును. నేలనంటిన చల్లని గాలిపొర పొగను పైకి పోనీయదు. ఆ పొగ ఢిల్లీ వరకు వ్యాపించి, నగరపు ఇతర మాలిన్యములతో కలిసి, పసిపిల్లలకు, వృద్ధులకు, ఉబ్బసరోగులకు శ్వాసబాధ కలిగించుచున్నది. ఇందుకు రైతు నొక్కనినే నిందించుట న్యాయము కాదు. అచట వరిని కోరి కొన్నది దేశమే.

తూర్పున వంగదేశములో వానలకు కొదువ లేదు. అచటి ఆపద భూగర్భజలమునందు దాగియున్నది. పలుచోట్ల నదులు తెచ్చిన ఒండ్రుపొరలలో ఆర్సెనిక్ అను విషపదార్థము సహజముగానే కలదు. ఆమన్ వరి ముఖ్యముగా వాననీటితో పండును. వేసవిలో కోయు బోరో వరికి గొట్టపుబావుల నీరు పెట్టుటవలన ఆ విషము పొలమునకును, గింజకును చేరును. అట్టి గ్రామములవారు నిర్దోషమైన నీటిని సమృద్ధిగా పోసి వండి, గంజి వార్చుట మేలు. గంజి పారబోసిన పోషకనష్టమని సాధారణముగా చెప్పుచుందుము. ఇచట మాత్రము బి విటమిన్లు కొంత పోయినను విషము తగ్గుటయే ముఖ్యము.