వెనక కాళ్లు పడిపోయిన పిల్లి మళ్లీ నడుస్తుందా? ఇంట్లో చేయించే ఫిజియోథెరపీతో ఏం సాధ్యం?

డాబా పిట్టగోడ మీద నుంచి జారిపడటం, బైక్ తగలడం, వీధి కుక్కల నోట్లో పడటం.. కారణం ఏదైనా, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ ఇల్లు చేరిన పిల్లిని చూసి ‘ఇక ఇది లాభం లేదు’ అనేస్తారు. నిజానికి చాలా ఇళ్లలో ఓపిక పోయేది కాళ్ల వల్ల కాదు, మూత్రం వల్ల. ఎక్కడపడితే అక్కడ చుక్కలు పడతాయి, నమాజ్ చేసే చోటు నాపాక్ అవుతుందని బెంగ. రెండింటికీ దారి ఉంది.

మొదటి రోజు ఏం చేయాలి?

పిల్లిని చంకలో వేసుకుని పరుగెత్తకూడదు. వెన్నెముక విరిగి ఉంటే అది ఇంకా దెబ్బతింటుంది. అట్టపెట్టె అడుగున గట్టి అట్ట వేసి, పడుకోబెట్టి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మాలిష్ వద్దు. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ అసలే ఇవ్వకూడదు. ఆ మందును అరిగించే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర కూడా ప్రాణం తీస్తుంది.

డాక్టర్ ఎక్స్‌రే తీయిస్తారు, కాలి వేళ్లను గట్టిగా నొక్కి చూస్తారు. పిల్లి అరిచినా, వెనక్కి తిరిగి చూసినా నొప్పి తెలుస్తోందని అర్థం. అప్పుడు కోలుకునే ఆశ బాగా ఉంటుంది. కాలు వెనక్కి లాక్కోవడం ఒక్కటే చాలదు, అది తెలివి లేకుండానే జరిగే కదలిక. వెన్నెముక విరిగి, నొప్పి అసలే తెలియకపోతే మళ్లీ నడిచే అవకాశం చాలా తక్కువ.

ఏ దెబ్బా తగలకుండా కాళ్లు హఠాత్తుగా పడిపోయి, పాదాలు చల్లబడి, పిల్లి గట్టిగా ఏడుస్తుంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు. గుండె జబ్బు వల్ల ఇలా జరుగుతుంది. ఆ క్షణమే ఆస్పత్రికి పోవాలి.

ముందు మూత్రం, తర్వాతే కసరత్తు

చుక్కలు పడుతున్నాయి కదా, మూత్రం వస్తోందిలే అనుకోవడం పొరపాటు. సంచి నిండి పొంగిపోతున్నా అలాగే కారుతుంది. అలాంటి పిల్లికి సాధారణంగా రోజుకు 3 సార్లు పొట్ట కింది భాగాన్ని మెల్లగా నొక్కి మూత్రం తీయాలి. డాక్టర్ దగ్గర చేతితో పట్టి నేర్చుకోకుండా దీన్ని చేయకూడదు, ఎక్కువ బలం పడితే సంచి పగిలిపోవచ్చు. ఫజ్ర్ తర్వాత, జుహ్ర్ తర్వాత, ఇషా తర్వాత అని పెట్టుకుంటే మరిచిపోయే మాటే ఉండదు. రోజంతా ఒక్క చుక్క రాకపోతే అది ఎమర్జెన్సీ.

కసరత్తు ఎలా?

డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టాలి. 5 నిమిషాలు గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టి, పిల్లిని పక్కకు పడుకోబెట్టాలి. వేళ్లు, మడమ, మోకాలు, తుంటి.. ఒక్కో కీలును మెల్లగా మడిచి చాపాలి. ఒక్కోటి 10 నుంచి 15 సార్లు, రోజుకు 2, 3 పూటలు. కదలని కీళ్లు బిగుసుకుపోకుండా ఇది కాపాడుతుంది. పిల్లి మూలిగితే ఆపేయాలి.

తర్వాత పొట్ట కింద టవల్ వేసి పైకి పట్టుకుని, పాదాలు సరిగ్గా ఆనేలా నిలబెట్టాలి. టైల్స్ మీద కాళ్లు జారతాయి, పాత జంపఖానా వేయాలి. పడుకున్నప్పుడు 4 గంటలకోసారి పక్క మార్చాలి, లేదంటే పుండ్లు పడతాయి.

కుక్కలకైతే నీళ్లలో నడిపించే ట్రెడ్‌మిల్ కూడా ఉంటుంది. నీళ్లు తుంటి దాకా ఉంటే శరీర బరువులో 40 శాతం కన్నా తక్కువే కాళ్ల మీద పడుతుంది. నీళ్లంటే పడని పిల్లులకు ఇంటి కసరత్తే మేలు.

ఫలితం రోజుల్లో రాదు, వారాలు, నెలలు పడుతుంది. నడక రాకపోయినా చిన్న చక్రాల బండి కట్టి తిప్పవచ్చు. రోజంతా కాకుండా కొద్దిసేపు కట్టి విప్పేయాలి.

నమాజ్ సంగతి

పిల్లి నాపాక్ కాదని, అది మన మధ్య తిరిగే జీవి అని అబూ ఖతాదా (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. దాని మూత్రం మాత్రం నాపాకే. అందుకే సేవ చేసేటప్పుడు వేసుకునే బట్టలు వేరుగా పెట్టుకోవాలి. పిల్లికి ఒక మూల కేటాయించి, అండర్‌ప్యాడ్ లేదా ఉతికే గుడ్డ పరిచి, ముసల్లా వేసే గదిని వేరు చేస్తే చాలు.

పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా చంపిన స్త్రీకి శిక్ష పడిందని, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన వ్యక్తికి క్షమాభిక్ష దక్కిందని సహీహ్ బుఖారీలో ఉంది. నడవలేని జీవి తన తిండి తాను వెతుక్కోలేదు. దాన్ని గోనెసంచిలో వేసి మార్కెట్ దగ్గర వదిలేస్తే, ఆకలికి వదిలేసినట్టే. ఇంట్లో నలుగురు ఉంటే తలా ఒక పూట పంచుకుంటే, ఒక్కొక్కరికి పట్టేది పావుగంట.