కంప్యూటరులో బస్సు ఆగిపోతే

కంప్యూటరు లోపల కూడా ఒక బస్సు ఉంటుంది. ఇది తమాషా మాట కాదు. దాని పేరే బస్సు. లాటిన్ భాషలో 'ఆమ్నిబస్' అంటే 'అందరికీ' అని అర్థం. రోడ్డు మీద తిరిగే బస్సుకూ, కంప్యూటరులో బస్సుకూ పేరు ఆ మాట నుంచే వచ్చింది.

ఈ బస్సుకు చక్రాలు ఉండవు. మదర్‌బోర్డు మీద వరసగా సన్నని రాగి గీతలు ఉంటాయి. అవే బస్సు. లెక్కలు చేసేది ప్రాసెసర్. ఆ లెక్కలను అప్పటికి గుర్తు పెట్టుకునేది ర్యామ్. ఈ రెండింటి మధ్య మాట నడిచేది ఆ గీతల మీదుగానే. కొన్ని గీతలు సరుకు మోస్తాయి. కొన్ని ఏ ఇంటికి చేర్చాలో చెబుతాయి. గీతలో వోల్టేజి ఎక్కువగా ఉంటే 1, తక్కువగా ఉంటే 0.

దారిలో 1 కాస్తా 0 అయిపోతే? 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో దీనికి ఒక కాపలా ఉండేది. 8 అంకెలకు తోడుగా తొమ్మిదో అంకెను దాచేవారు. మొత్తం మీద 1లు ఎప్పుడూ బేసి సంఖ్యలో ఉండాలి. ఎనిమిదింటిలో 1లు నాలుగు ఉన్నాయనుకోండి. తొమ్మిదోది 1 అవుతుంది. మొత్తం ఐదు. తిరిగి తీసినప్పుడు నాలుగే వస్తే ఎక్కడో తప్పు జరిగిందన్నమాట. అప్పుడు తెర మీద 'పారిటీ చెక్' అని పడి మెషిన్ ఆగిపోయేది. ఆగిపోవడమే మేలు. తప్పు లెక్కతో జీతాల పట్టీ అచ్చయితే ఇంకా నష్టం కదా!

ఇళ్ళలో, షాపుల్లో వాడే చాలా కంప్యూటర్లలో ఇప్పుడు ఆ తొమ్మిదో అంకె లేదు. ఖర్చు తగ్గుతుందని మానేశారు. అందుకే తప్పు చెప్పాపెట్టకుండా వస్తుంది. పని మధ్యలో తెర నీలంగా మారుతుంది. నిన్న దాచిన ఫైలు ఇవాళ తెరుచుకోదు.

"మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అంటాడు మెకానిక్. చిన్న డీటీపీ షాపు నడుపుకునేవారికి అది వేల రూపాయల మాట. సరే అనే ముందు కొంత చూసుకోవచ్చు.

మొదట ముఖ్యమైన ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. తర్వాత స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, మూత తీయాలి. పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోవాలి. లేకపోతే ఒంట్లోని స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చేయవచ్చు. దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. ర్యామ్ కార్డు తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి తుడిచి, గట్టిగా బిగించాలి. చాలాసార్లు దీంతోనే పని అయిపోతుంది. మట్టి పట్టడం, కార్డు వదులు కావడం మామూలే.

అయినా ఆగుతుంటే ఒక పరీక్ష ఉంది. రెండు కార్డులు, రెండు స్లాట్లు ఉన్నాయనుకుందాం. మొదటి స్లాటులో మొదటి కార్డు ఒక్కటే పెట్టి నడపాలి. ఆగిపోయింది. అదే స్లాటులో రెండో కార్డు పెట్టాలి. బాగా నడిచింది. అయితే తప్పు మొదటి కార్డుది. కొత్త ర్యామ్ కొంటే చాలు. రెండో కార్డుతోనూ ఆగిందా? దాన్ని రెండో స్లాటులోకి మార్చాలి. అక్కడ నడిస్తే తప్పు స్లాటుది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది కారణమో తెలియదు.

ఐదు నిమిషాలు నడిచిందని నమ్మకూడదు. కొన్ని తప్పులు వేడెక్కాకే బయటపడతాయి. విండోస్‌లోనే 'మెమరీ డయాగ్నొస్టిక్' అనే పరీక్ష ఉంది. 'మెమ్‌టెస్ట్86 ప్లస్' ఉచితంగా దొరుకుతుంది. రాత్రంతా నడపాలి.

ఏ కార్డు, ఏ స్లాటు అయినా ఆగుతుంటే కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం పెట్టాలి. తెలిసినవారి దగ్గర ఒకటి తెచ్చి తగిలించి చూడాలి. దాని డబ్బా మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. అప్పటికీ కుదరకపోతేనే మదర్‌బోర్డు సంగతి. దాని మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల ఉబ్బి కనిపిస్తే వాటినే మార్చగల మెకానిక్‌లు ఉన్నారు.