ఓఎం1 నుంచి ఓఎం5 దాకా: ఏ ఫైబర్ ఎక్కడ వాడాలి?

ఈ రోజు మల్టీమోడ్ ఫైబర్ గురించి మాట్లాడుకుందాం. మన ఇంటికి వచ్చే ఇంటర్నెట్ ఫైబర్ సింగిల్ మోడ్, అది కిలోమీటర్ల దూరం వెళ్తుంది. మల్టీమోడ్‌ని ఎక్కువగా ఒకే బిల్డింగ్‌లో, డేటా సెంటర్లలో వాడతారు.

ఫైబర్ మధ్యలో వెలుగు వెళ్లే దారిని కోర్ అంటాం. ఓఎం1లో అది 62.5 మైక్రాన్లు, మిగతా వాటిలో 50. కోర్ లావుగా ఉంటే స్పీడ్ ఎక్కువ అనుకుంటున్నారా? కాదండీ! లావు కోర్‌లో వెలుగు రకరకాల దారుల్లో పోయి, కొంత ముందు, కొంత వెనక చేరుతుంది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ కలగాపులగం అయిపోతుంది.

అందుకే 10 గిగాబిట్ స్పీడ్ ఓఎం1లో 33 మీటర్లు, ఓఎం2లో 82, ఓఎం3లో 300, ఓఎం4లో 400 మీటర్ల దాకా వస్తుంది. అదే 100 గిగాబిట్‌కి, నాలుగు జతల ఫైబర్లు వాడినా, ఓఎం3 70 మీటర్లే, ఓఎం4 100.

మరి ఓఎం5? మామూలు పరికరాలతో అది ఓఎం4 లాంటిదే. ఒకే ఫైబర్‌లో ఒకటి కంటే ఎక్కువ వేవ్‌లెంగ్త్‌లు పంపే పరికరాలు ఉంటేనే దాని లాభం. అవి లేకుండా కొంటే డబ్బు దండగ.

ఇంకో మాట. రంగు చూసి మోసపోకండి. ఓఎం1, ఓఎం2 రెండూ నారింజ రంగులోనే వస్తాయి. ఓఎం1 నుంచి ఓఎం2లోకి కలిపితే సగానికి పైగా వెలుగు పోవచ్చు. ఓఎం3 ఆక్వా, ఓఎం4 కూడా ఆక్వాలో దొరుకుతుంది. కాబట్టి కేబుల్ మీద ప్రింట్ చదవండి, దూరం కొలవండి, ఆ తర్వాతే కొనండి. డౌట్స్ ఉంటే కామెంట్‌లో అడగండి.