పొద్దు వాలితేనే... రోజు మొదలు!

సంక్రాంతి వచ్చిందంటే కుల్కచర్ల చుట్టుపక్కల పల్లెల్లో కంది పంట ఇంటికి చేరే వేళ. కల్లంలో కంది కొట్టే చప్పుడు, వాకిట్లో ముగ్గులు, పొయ్యి మీద సకినాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే... జనవరి 15న, కేరళలోని ఓ కొండమీద కాషాయం కట్టిన క్యాథలిక్ సన్యాసుల పంచాంగంలో 'విత్తనాల మరియమాత' పండగ వస్తుంది. మనకు పంట చేతికొచ్చే వేళ, వాళ్లకు విత్తనం కోసం ప్రార్థన. చిత్రంగా ఉంది కదూ!

సిలువ కొండ

ఆ కొండ పేరు కురిసుమల. మలయాళంలో సిలువ కొండ అని అర్థం. వాగమన్ దగ్గర ఉంటుంది. 1958లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రాన్సిస్ మహ్యూ, ఇంగ్లండ్ సన్యాసి బీడ్ గ్రిఫిత్స్ కలిసి అక్కడ ఆశ్రమం మొదలుపెట్టారు. మహ్యూ ట్రాపిస్టు సంప్రదాయంలో పెరిగినవారు. తక్కువ మాట, ఎక్కువ పని, వేళ తప్పని ప్రార్థన... ఇదే ఆ సంప్రదాయం. దానికి ఆయన మన ఆశ్రమ పద్ధతులు జోడించారు. కాషాయ వస్త్రాలు, నేలమీద కూర్చుని శాకాహార భోజనం. తర్వాత ఫ్రాన్సిస్ ఆచార్యగా పేరొందారు. 1968లో భారత పౌరసత్వం తీసుకుని, 2002లో కన్నుమూశారు. 1998లో ఆశ్రమం ట్రాపిస్టు సంఘంలో భాగమైంది.

ఆవు ఆగదు... గంటా ఆగదు

సన్యాసి తన చేతి కష్టంతోనే బతకాలన్నది ఆరో శతాబ్దం నాటి బెనెడిక్టు నియమావళి చెప్పే మాట. గడ్డి తప్ప మరేమీ సరిగా పెరగని కొండపై ఏం చేయాలి? ఆ గడ్డినే నమ్ముకున్నారు. ఆవుల్ని పెంచి, పాలు అమ్మి ఆశ్రమాన్ని నడిపారు. ముసురు పట్టినా, పండగొచ్చినా పాలు పితకాల్సిందే. ప్రార్థన గంట కూడా అంతే, ఎవరి కోసమూ ఆగదు.

వీళ్లు పాటించేది సిరియా సంప్రదాయం. అందులో రోజుకు ఏడు ప్రార్థన వేళలు. రోజు లెక్క తెల్లవారితో కాదు, పొద్దు వాలడంతో మొదలవుతుంది. అంటే, ముందు ప్రార్థన, విశ్రాంతి... ఆ తర్వాతే పని!

ఎక్కడి వాన... ఎక్కడి ముసురు

ఏడాది కూడా అంతే. అక్టోబరు చివర్లోనో, నవంబరు మొదట్లోనో కొత్త ఆరాధన సంవత్సరం వస్తుంది. క్రీస్తు జననం, తపస్సుకాలం, పునరుత్థానం, సెప్టెంబరు 14న సిలువ పండగ... ఒక్కో కాలానికి ఒక్కో ప్రార్థనల వరుస. సిరియాక్ భాషలోని ఆ ప్రార్థనల్ని ఫ్రాన్సిస్ ఆచార్య ఏళ్ల తరబడి శ్రమించి ఇంగ్లిషులోకి తెచ్చారు.

ఈ పంచాంగం పుట్టింది చలికాలంలో వానలు పడే దేశాల్లో. అందుకే జనవరిలో విత్తనాల పండగ, మే 15న కంకుల పండగ. కేరళలోనేమో వానలు జూన్‌లో మొదలవుతాయి. కాలం కుదరకపోయినా ప్రార్థన మాత్రం మానరు.

ఆలోచిస్తే, మన రైతు చేసేదీ అదే కదా! తొలకరి చెప్పిన వేళకు రాకపోయినా విత్తనాలు సిద్ధం చేసుకుంటాడు. విత్తడం తన చేతిలో పని. వాన తన చేతిలో లేదు. ఆ రెంటి మధ్య మిగిలేది ఎదురుచూపు. కొండమీది వాళ్లు దాన్ని ప్రార్థన అంటారు... మనవాళ్లు వ్యవసాయం అంటారు.