కృష్ణబిలాలు – కథకుల ఊహ, గణితం చెప్పే మాట

‘బిలం’ అనగానే మనకు జానపద కథలలోని సొరంగం స్ఫురిస్తుంది. రాకుమారుడు ఒకవైపు ప్రవేశించి, మరొకవైపు ఏ నాగలోకంలోనో తేలుతాడు. 1979లో డిస్నీ సంస్థ నిర్మించిన ‘ది బ్లాక్ హోల్’ చిత్రంలోని నాయకులు కూడా ఇంచుమించు ఇట్లాగే కృష్ణబిలంలో ప్రవేశించి, క్షేమంగా వేరొకచోట బయటపడతారు. చూడటానికి సొగసైన ఊహే గాని, పేరు మనలను మోసగిస్తున్నది. కృష్ణబిలమంటే పదార్థం మితిమీరి కుదించుకొనిపోయిన చోటు. సూర్యుని సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధానికి, భూమిని సుమారు 9 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి నొక్కగలిగితే అవి కృష్ణబిలాలవుతాయి. ఆ సరిహద్దు పేరు ఘటనా క్షితిజం. దానిని దాటి లోనికి పోయిన కాంతి సైతం తిరిగి రాదు.

సమీపంలోని సమస్తాన్నీ పీల్చివేసే సుడిగుండంగా దానిని వర్ణించడం కథకులకు పరిపాటి. నిజానికి సూర్యుని స్థానంలో అంతే ద్రవ్యరాశి గల కృష్ణబిలాన్ని నిలిపితే, భూమి చీకటిలో గడ్డకట్టుకొనిపోతుందే తప్ప తన కక్ష్యను వీడదు.

అసలు వింత కాలానికి సంబంధించినది. గురుత్వం ప్రబలంగా ఉన్నచోట కాలం మందగిస్తుందని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెబుతున్నది. ఘటనా క్షితిజం వైపు పడిపోయేవాడు దూరం నుండి చూచేవారికి అంతకంతకూ నెమ్మదించి, అక్కడనే నిలిచిపోయినట్లు తోస్తాడు. ఫ్రెడరిక్ పోల్ 1977లో ప్రచురించిన ‘గేట్‌వే’ నవలకు ఇదే ఆయువుపట్టు. నాయకుడొక్కడే తప్పించుకొని వస్తాడు. ప్రియురాలితో సహా సహచరులందరూ కృష్ణబిలం చెంత చిక్కుకొనిపోతారు. ఇతనికి సంవత్సరాలు గడుస్తున్నాయి. వారికి ఇంకా కొన్ని క్షణాలే. మరణించారని ఏడ్చి ఊరట పొందటానికైనా వీలులేదు. ఇంతటి దుఃఖాన్ని రాక్షసులు గాని, ప్రతినాయకులు గాని లేకుండా ఒక్క సమీకరణం నుండి పిండుకొన్న కథలు నా ఎరుకలో బహు స్వల్పం.

2014లో వచ్చిన ‘ఇంటర్‌స్టెల్లార్’ చిత్రంలో ఒక గ్రహంపై గడచిన ఒక గంట భూమిపై 7 సంవత్సరాలకు సమానం. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ ఇట్లా కోరినప్పుడు, భౌతిక శాస్త్రవేత్త కిప్ థోర్న్ మొదట అసాధ్యమనుకొన్నాడు. లెక్కకట్టిన మీదట, కృష్ణబిలం విపరీత వేగంతో తిరుగుతున్నట్లయితే సాధ్యమేనని తేలింది. ఆ వేగం గరిష్ఠ పరిమితికి కోటి కోట్లలో ఒక వంతు మాత్రమే తక్కువ ఉండవచ్చునట! ప్రకృతిలో అటువంటిది ఉంటుందని నమ్మడం కష్టమే. గ్రహం ఆటుపోటు బలాలకు చీలిపోకుండా, కృష్ణబిలానికి 10 కోట్ల సూర్యుల ద్రవ్యరాశిని కూడా ఆయన కల్పించాడు.

అయితే శాస్త్రం చెప్పిన ఒక సంగతిని చిత్ర నిర్మాతలు తెలిసియే వదిలివేశారు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువులో మనవైపు వచ్చే భాగం ఎక్కువ ప్రకాశంగాను, దూరమయ్యే భాగం మసకగాను కనిపించాలి. ప్రేక్షకులు తికమకపడతారని దానిని సరిసమానం చేశారు. 2019 ఏప్రిల్ 10వ తేదీన ఖగోళ శాస్త్రజ్ఞులు మొట్టమొదటి కృష్ణబిల చిత్రాన్ని వెలువరించారు. అది ఎం87 అనే నక్షత్రవీథి నడుమ, సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఆ చిత్రంలో నల్లని నీడ చుట్టూ ఉన్న కాంతివలయం ఒక అంచున స్పష్టంగా ఎక్కువ వెలుగుతున్నది.